థైరాయిడ్, కార్టిసాల్ రిపోర్టు చేతికొచ్చాక

హన్మకొండలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. కవరు చేతికివ్వగానే చాలామంది ఏ అంకె పక్కన 'హెచ్' (ఎక్కువ) పడింది, ఏ అంకె పక్కన 'ఎల్' (తక్కువ) పడింది అనే వెతుకుతారు. అది చూసి టెన్షన్ పడేముందు, అవేవీ లేవని ధీమాగా ఇంటికి పోయేముందు ఇది చదవండి.

టీఎస్‌హెచ్ అనే హార్మోన్ థైరాయిడ్ గ్రంథి నుంచి రాదు, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వస్తుంది. థైరాయిడ్ మందగిస్తే దాన్ని తట్టిలేపడానికి పిట్యూటరీ టీఎస్‌హెచ్ పెంచుతుంది. అందుకే ఈ అంకె ఎక్కువుంటే థైరాయిడ్ తక్కువ పనిచేస్తున్నట్టు. బాగా పడిపోతే థైరాయిడ్ ఎక్కువైందనో, వేసుకునే మాత్ర డోసు ఎక్కువైందనో అనుమానించాలి. పెద్దవాళ్లకు సుమారు 0.4 నుంచి 4 వరకు నార్మల్. 6, 7 వచ్చి ఫ్రీ టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోన్) బాగుంటే ఇక జీవితాంతం మాత్రలేనని దిగులు పడొద్దు. రెండు మూడు నెలలాగి మళ్లీ చేయిస్తారు. డోసు మార్చినా ఆరు వారాలు ఆగాలి, అప్పటిదాకా టీఎస్‌హెచ్ కుదురుకోదు. గర్భిణులకు మాత్రం లెక్క వేరు, వాళ్లు ఆగకుండా డాక్టర్‌ను కలవాలి.

రక్తం ఇచ్చాకే ఆ పూట థైరాయిడ్ మాత్ర వేసుకోండి. జుట్టు రాలుతోందని బయోటిన్ వాడుతుంటే కనీసం రెండు రోజుల ముందు ఆపండి. కొన్ని మెషీన్లలో దానివల్ల టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 ఎక్కువగా చూపించి, లేని జబ్బు కాగితం మీదికొస్తుంది.

నాకు ఎక్కువ భయం వేసేది నార్మల్ టీఎస్‌హెచ్ చూసినప్పుడే. పరకాల వైపు నుంచి ఒకామె అత్తగారితో వచ్చింది. టీఎస్‌హెచ్ 2.1, ఫ్రీ టీ4 మాత్రం 0.5, అంటే తక్కువ. "నార్మలే ఉంది గద బిడ్డా" అంది అత్తగారు. కాన్పు సంగతి అడిగాను. చాలా రక్తం పోయిందట, పాలు పడలేదు, నెలసరి మళ్లీ రాలేదు. కాన్పులో అంత రక్తం పోతే పిట్యూటరీ దెబ్బతినొచ్చు. అప్పుడు టీఎస్‌హెచ్ పెరగాల్సినంత పెరగదు, నార్మల్‌గానే కనిపిస్తుంది. ఇలాంటివాళ్లకు థైరాక్సిన్ (థైరాయిడ్ మాత్ర) మొదలుపెట్టకముందే, ఒంటికి ఒత్తిడిని తట్టుకునే శక్తినిచ్చే కార్టిసాల్ హార్మోన్ చూడాలి. కార్టిసాల్ తక్కువున్న మనిషికి ముందు థైరాక్సిన్ ఇస్తే ఉన్న కాస్తా త్వరగా ఖర్చయి ప్రాణం మీదికొస్తుంది. ఈ మాట డాక్టర్‌ను తప్పకుండా అడగండని చెప్పి పంపాను.

కార్టిసాల్ కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులది. పొద్దున ఎక్కువ, అర్ధరాత్రికి అడుగంటుతుంది. అందుకే ఎనిమిది గంటల ప్రాంతంలో ఇవ్వాలి. సాయంత్రం ఇచ్చిన రక్తాన్ని పొద్దుటి రేంజితో పోల్చకూడదు. ఉదయం డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల కంటే తక్కువుంటే కార్టిసాల్ లోపమని గట్టి అనుమానమే. 15 దాటితే సాధారణంగా భయం లేదు. మధ్యలో ఉంటే అడ్రినల్‌ను తట్టిలేపే ఏసీటీహెచ్ సూది ఇచ్చి మళ్లీ కొలుస్తారు.

మోకాళ్ల నొప్పులకని ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే సూదుల్లో, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే బిళ్లల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. నెలల తరబడి వాడితే అడ్రినల్ నిద్రపోతుంది, సొంతంగా కార్టిసాల్ సరిగా తయారుచేయదు. ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ అయితే కార్టిసాల్ అంకెనే తప్పుగా పెంచి చూపగలదు. ఏం వాడుతున్నారో దాచకుండా చెప్పండి, ఖాళీ షీట్లయినా తెచ్చి చూపించండి. వాటిని ఉన్నట్టుండి మాత్రం ఆపొద్దు. ఆపాక వాంతులు, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం మొదలైతే రిపోర్టు కోసం ఎదురుచూడకుండా నేరుగా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లి, "స్టెరాయిడ్ వాడి ఆపాం" అని మొట్టమొదట చెప్పండి.