తోలు పర్సు అంచు నున్నగా రావట్లేదా?

ఎంత రుద్దినా అంచున పీచు లేస్తూనే ఉందంటే ముందు తోలు ఏ రకమో చూడండి. క్రోమ్ టాన్ తోలు (క్రోమియం లవణాలతో పదును చేసినది) రుద్దితే సరిగ్గా మెరవదు, దానికి ఎడ్జ్ పెయింటే (అంచుకు పూసే రంగు) దారి. వెజ్ టాన్ (చెట్ల బెరడు వంటి వాటి టానిన్లతో పదును చేసినది) అయితే లోపం ఎక్కువగా శాండింగ్‌లోనే ఉంటుంది.

జిగురు పూర్తిగా ఆరాక 240 నంబరు శాండ్‌పేపర్‌ను చదునైన చెక్కకు చుట్టి, పొరలన్నీ ఒకే మట్టానికి వచ్చేదాకా రుద్దండి. గోటితో తడిమితే మెట్టులా తగిలిందా, ఇంకా పని ఉన్నట్టే. తర్వాత బెవెలర్‌తో (అంచు మూలను చెక్కే పనిముట్టు) రెండువైపులా మొన తీసేసి 400, ఆపై 600 పట్టండి.

ఇక తడి. చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే. వేలికొసతో పలచగా, అంచుకు మాత్రమే నీళ్లు రాయాలి. ఎక్కువైతే తోలు మెత్తబడి, ఒత్తిడికి పుట్టగొడుగులా పక్కలకు విచ్చుకుంటుంది, పైన మరకా పడుతుంది. అంచు చల్లగా తగులుతూ, వేలికి తడి అంటనప్పుడు చెక్క స్లిక్కర్‌తో (అంచును రుద్ది నునుపు చేసే పనిముట్టు) తేలిగ్గా, వేగంగా రుద్దండి. బలంగా నొక్కితే లాభం లేదు. పీచును అణిచి ఉంచేది రాపిడి, దాని వేడి.

మెరుపు చాలకపోతే 600తో మళ్లీ రుద్ది, ఈసారి నీళ్లకు బదులు ట్రాగకాంత్ బంక (ఒక రకం మొక్కల నుంచి తీసే జిగురు) రాయండి. మైనం మాత్రం చివర్లోనే. ముందే పూస్తే తడీ దిగదు, రంగూ పట్టదు.