పరీక్ష ఫలితాలు వచ్చేదాకా మనసు కుదుటగా ఉంచుకోవడం ఎలా?

పరీక్షలు అయిపోయాక మొదటి రెండు రోజులు నిద్రలోనే గడిచిపోతాయి. అసలు కష్టం మూడో రోజున మొదలవుతుంది. చదవడానికి ఏమీ ఉండదు, మరో పని తోచదు, ఇంట్లో ఎవరి ఫోను మోగినా గుండె దడదడలాడుతుంది. దానికి విశాఖ ఉక్కపోత తోడు. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం రాసిన ఏడాది, ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో ఆ రోజులు ఎలా గడిచాయో నేను మరిచిపోలేను. అప్పుడు మాకు పనికొచ్చినవీ, ఇంకాస్త ముందే చేసి ఉండాల్సిందని తర్వాత అనిపించినవీ వరుసగా చెబుతాను.

1. ప్రశ్నపత్రాలను కట్టగట్టి అటక మీద పెట్టండి

మా అమ్మాయి గణితం ప్రశ్నపత్రం ముందేసుకుని, ప్రతి ప్రశ్న పక్కనా పెన్సిలుతో మార్కులు వేసుకుంది. మొదటిరోజు 61 వచ్చాయి. మర్నాడు మళ్లీ లెక్కేస్తే 57. నాలుగో రోజుకు 48. రాసిన జవాబుల్లో ఒక్క అక్షరమూ మారలేదు. రోజురోజుకూ భయం పెరిగి, ఆ భయమే మార్కులు కోసేస్తోంది. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని పత్రాలన్నీ దారంతో కట్టి అటకెక్కించాం. హాల్‌టికెట్ మాత్రం బయట ఉంచండి, ఫలితాల రోజున దాని నంబరు కావాలి.

మీ జవాబుపత్రం ఇప్పుడు ఎక్కడుందో తెలిస్తే కొంత ఊరట. పేరు, హాల్‌టికెట్ నంబరు కనిపించకుండా కోడ్ వేసి మూల్యాంకనానికి పంపుతారు. దిద్దే అధ్యాపకులకు అది ఎవరిదో తెలియదు. ఎవరికో మన మీద కోపం ఉంటుందేమో, మన కాలేజీ పేరు చూసి చిన్నచూపు చూస్తారేమో అన్న బెంగ పెట్టుకోనక్కర్లేదు.

2. తేదీ కోసం ఒక్కచోటే చూడండి

వాట్సాప్ గ్రూపుల్లో రోజుకో తేదీ తిరుగుతుంది. ప్రతిసారీ గుండె జారి, మళ్లీ సర్దుకుని, అలా పదిసార్లు అయ్యేసరికి మనిషి నీరసించిపోతాడు. ఆంధ్రప్రదేశ్ ఇంటర్ ఫలితాలు 2024లోనూ 2025లోనూ ఏప్రిల్ 12నే వచ్చాయి, 2023లో మాత్రం ఏప్రిల్ 26 దాకా ఆగాల్సి వచ్చింది. కాబట్టి నిరుటి తేదీని పట్టుకుని కూర్చోవద్దు. ఇంటర్ బోర్డు వెబ్‌సైటును రోజుకు ఒక్కసారి, సాయంత్రం పూట చూడండి, చాలు. ఆ గ్రూపుల శబ్దం ఆపేయండి.

3. చేతులకు పని చెప్పండి

అన్నిటికంటే మేలు చేసింది ఇదే. "దాని గురించి ఆలోచించకు" అని ఎంత చెప్పినా మనసు వినదు. చేతులు పనిలో పడితే మాత్రం ఆ ఆలోచన దానంతట అదే కాసేపు పక్కకు తప్పుకుంటుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మామిడికాయలు వస్తాయి. మేము రైతుబజారు నుంచి కాయలు తెచ్చి, ముక్కలు కొట్టించి, హాల్లో పాత చీర పరిచి పోశాం. ఆవకాయ ముక్క తుడవడమంటే తెలిసినవారికి తెలుసు. టెంకను అంటుకున్న జీడి తీసేయాలి, లోపలి పల్చటి పొరను గోటితో లాగేయాలి, ఆ తర్వాత పొడిబట్టతో తడి లేకుండా తుడవాలి. ఒక్క ముక్కకు తడి ఉన్నా జాడీ మొత్తం బూజు పడుతుంది. మా అమ్మాయి మొదట విసుక్కుంటూనే కూర్చుంది. గంటన్నర గడిచేసరికి వాళ్ల అమ్మమ్మతో ఉప్పు ఎంత, కారం ఎంత అని వాదిస్తోంది. అంతసేపూ మార్కుల మాటే రాలేదు.

ఆవకాయే కానవసరం లేదు. మొదలూ చివరా కంటికి కనిపించే పని ఏదైనా సరే: పుస్తకాల అలమర సర్దడం, సైకిలు బాగుచేయడం, చపాతీలు గుండ్రంగా వచ్చేదాకా ఒత్తడం. గంటలకొద్దీ ఫోను చూడటం మాత్రం ఈ లెక్కలోకి రాదు. అక్కడ ప్రతి రెండో వీడియో ర్యాంకుల గురించే.

పొద్దున్నే ఇంట్లోంచి బయటపడండి. తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో గాలి చల్లగా ఉంటుంది. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి కురుసుర జలాంతర్గామి మ్యూజియం దాకా నడిచి వెనక్కి వస్తే ఒళ్లు అలుస్తుంది, ఆ రాత్రి నిద్ర దానంతట అదే పడుతుంది. స్నేహితులను వెంట తీసుకెళ్లండి, మార్కుల ప్రస్తావన తేకూడదని ముందే ఒప్పందం చేసుకోండి.

4. రాత్రి భయానికి పగలే సమయం కేటాయించండి

సాయంత్రం ఓ పావుగంట కూర్చుని, భయపెడుతున్నవన్నీ కాగితం మీద రాసేయండి. పడుకున్నాక అవే మళ్లీ వస్తే "రేపు సాయంత్రం చూద్దాం" అని వాయిదా వేయండి. ఊపిరి నాలుగు లెక్కపెడుతూ తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదలండి. వదిలే సమయం ఎక్కువైతే గుండె వేగం నెమ్మదిస్తుంది. ఐదు నిమిషాలు చేస్తే తేడా మీకే తెలుస్తుంది.

5. తల్లిదండ్రులారా, మాట ముందే ఇవ్వండి

ఇది మేము ఆలస్యంగా చేశాం. పిల్లలను మార్కులకన్నా ఎక్కువగా వేధించే ప్రశ్న ఒకటుంది: నాన్న మొహం ఎలా మారిపోతుందో! ఆ ప్రశ్నకు జవాబు ఫలితాలకు ముందే చెప్పాలి. ఒక సాయంత్రం టీవీ కట్టేసి కూర్చోండి. పరీక్ష తప్పితే ఏం చేస్తామో కాగితం మీద రాయండి. రీకౌంటింగ్‌లో మార్కుల కూడిక మళ్లీ చూస్తారు. జవాబులను మళ్లీ పరిశీలించే రీవెరిఫికేషన్‌కు దరఖాస్తు చేస్తే జవాబుపత్రం స్కాన్ ప్రతి కూడా ఇస్తారు. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు వేసవిలోనే జరుగుతాయి, వాటిలో గట్టెక్కితే ఏడాది వృథా కాదు. ఇవన్నీ కళ్లెదుట కాగితం మీద కనిపించాక మా అమ్మాయి ఆ రాత్రి రెండోసారి అన్నం పెట్టించుకుంది.

పిల్లలు రోజుల తరబడి తినకపోయినా, నిద్రపోకపోయినా, చచ్చిపోవాలని ఉందన్నట్టు మాట్లాడినా దాన్ని బెదిరింపుగా కొట్టిపారేయకండి. ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. అది ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. విశాఖలోనే వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల కూడా ఉంది.

6. ఫలితాల రోజున

టిఫిను తిన్నాకే చూడండి. ఎవరు చూడాలో విద్యార్థే నిర్ణయించాలి. పక్కింటివారో మేనమామో ముందే చూసి ఫోను చేయడం అన్యాయం, అందుకే హాల్‌టికెట్ నంబరు ఎవరికీ ఇవ్వకండి. వెబ్‌సైటు తెరుచుకోకపోతే కంగారు పడవద్దు, ఒకేసారి లక్షలమంది చూస్తుంటారు. 2025లో ప్రభుత్వం మన మిత్ర వాట్సాప్ సేవ ద్వారా కూడా ఫలితాలు ఇచ్చింది.

బంధువులకు "చూశాం, సాయంత్రం మేమే మాట్లాడతాం" అని ఒక్క సందేశం పంపి ఫోను పక్కన పెట్టండి. రీకౌంటింగ్, సప్లిమెంటరీ ఫీజుల గడువు కొద్ది రోజులే ఉంటుంది. ఆఖరి తేదీని వంటింటి క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకోండి. ఆ తర్వాత అందరూ కలిసి భోజనానికి కూర్చోండి.