నీటి చుక్క ఫోటో చెడుతోందా? ముందు లైట్ చూడండి

చుక్క ఫోటో బాగా రాకపోతే చాలామంది కెమెరా మీదో లెన్స్ మీదో అనుమానపడతారు. ఎక్కువసార్లు తప్పు లైట్‌దే. ఇక్కడ సెటప్ మామూలుదే: నల్ల ట్రే నిండా నీళ్లు, దానికి ఒకటిన్నర అడుగుల పైన మెడికల్ షాపులో దొరికే సెలైన్ సెట్, ట్రైపాడ్ మీద కెమెరా, కెమెరాకు దూరంగా ఒక ఫ్లాష్. సెలైన్ గొట్టానికి ఉండే చక్రం జరిపితే చుక్కలు ఎంత వేగంగా పడాలో మనమే నిర్ణయించుకోవచ్చు.

చుక్క గుండ్రంగా రాకుండా అలుక్కుపోతోంది

కారణం: 40 సెం.మీ. పైనుంచి పడే చుక్క నీళ్లను తాకేసరికి సెకనుకు సుమారు 2.8 మీటర్ల వేగంలో ఉంటుంది. షట్టర్ 1/200 సెకను తెరిచి ఉంటే ఆలోపే 14 మి.మీ. దిగిపోతుంది. చుక్క ఉండేదే నాలుగైదు మి.మీ. కాబట్టి దాన్ని ఆపి చూపించేది షట్టర్ కాదు, ఫ్లాష్ మెరుపు. ఫుల్ పవర్‌లో ఆ మెరుపు దాదాపు 1/1000 సెకను, కొన్నింటిలో ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. అదీ చాలదు.

పరిష్కారం: పవర్ తగ్గించండి. వినడానికి తిరకాసుగా ఉన్నా, మామూలు స్పీడ్‌లైట్లలో (కెమెరా మీద తగిలించుకునే చిన్న ఫ్లాష్‌లు) పవర్ తగ్గేకొద్దీ మెరుపు పొట్టిదవుతుంది. పవర్‌ని ఫుల్‌లో 1/32వ వంతుకి దించితే చాలా ఫ్లాష్‌లలో మెరుపు 1/10,000 సెకను దరిదాపుల్లోకి వస్తుంది, చుక్క కదలిక అర మి.మీ. కూడా ఉండదు. ఫోటో చీకటైతే ఫ్లాష్‌ని దగ్గరికి జరపండి, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే సెట్టింగ్) 400 చేయండి. ఫ్లాష్‌లో హైస్పీడ్ సింక్ అనే మోడ్ మాత్రం వద్దు. అందులో ఫ్లాష్ ఒక్కసారి మెరవదు, వరసగా మెరుస్తూ ఉంటుంది, మనకు కావలసిన లాభమే పోతుంది.

చుక్క స్పష్టంగానే ఉంది, పక్కన మసక గీత వస్తోంది

గదిలోని లైటు కూడా ఫోటోలో పడుతోంది. ఫ్లాష్ ఆపి, అవే సెట్టింగ్స్‌తో ఒక ఫోటో తీయండి. పూర్తిగా నల్లగా రావాలి. రాకపోతే కర్టెన్లు వేయండి, ట్యూబ్‌లైట్ ఆపండి.

ఫోటోలో ఒక పక్క నల్ల పట్టీ

షట్టర్ స్పీడ్ సింక్ పరిమితి (ఫ్లాష్‌తో కలిసి పనిచేయగల అత్యధిక షట్టర్ వేగం) దాటింది. 1/200కో, ఇంకా కిందికో దించండి.

చుక్క మీద తెల్ల మచ్చ, మిగతాదంతా చీకటి

ఫ్లాష్‌ని నేరుగా నీళ్ల మీద కొడితే ఇలాగే వస్తుంది. నీళ్లకు సొంత రంగు లేదు, వెనకున్నదే అందులో కనిపిస్తుంది. అందుకని లైటు నీళ్ల మీద కాదు, వెనక గోడ మీద పడాలి. ట్రే వెనక అడుగు దూరంలో రంగు చార్ట్ పేపర్ నిలబెట్టి ఫ్లాష్‌ని దాని వైపు తిప్పండి. లేదా తెల్ల ట్రేసింగ్ పేపర్ కట్టి దాని వెనక నుంచి వెలిగించండి. అసలు అందం ఇక్కడే ఉంది. చుక్క చిన్న లెన్స్‌లా పనిచేసి వెనకున్న బొమ్మను తలకిందులుగా చూపిస్తుంది. రెండు రంగుల పేపర్లు పక్కపక్కన పెట్టి చూడండి.

ఫోకస్ ఎక్కడో పోతోంది

ఆటోఫోకస్‌కి చుక్క అందదు. చుక్క పడే చోట ఒక మేకు నిలబెట్టి, దానిమీద ఫోకస్ చేసి మాన్యువల్‌కి మార్చేయండి. అపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) ఎఫ్/11 చాలు.

ఫోన్‌తో తీస్తే అడ్డంగా చారలు

మన కరెంటు 50 హెర్ట్జ్. చాలా ఎల్ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి, వేగమైన షట్టర్ దాన్ని పట్టేస్తుంది. ఫోన్ ఫ్లాష్ కూడా నమ్మదగింది కాదు, అది కాసేపు వెలిగే టార్చే. ఎండ పడే బాల్కనీలో ప్రో మోడ్ పెట్టి, 1/4000 షట్టర్‌తో బర్స్ట్ (వరసగా చాలా ఫోటోలు) తీయండి.

నీళ్ల మీద అలలు, బుడగలు

ముందు సీలింగ్ ఫ్యాన్ కట్టేయండి. కాచి చల్లార్చిన నీళ్లు పోస్తే బుడగలు తగ్గుతాయి.

కిరీటం వస్తోంది, స్తంభం రావట్లేదు

లోతు చాలలేదు. చుక్క పడగానే చుట్టూ ఎగసే నీటి కిరీటం కొన్ని మి.మీ. నీళ్లలోనే బాగా వస్తుంది. మధ్యలోంచి పైకి లేచే స్తంభం కావాలంటే మూడు నాలుగు సెం.మీ. లోతు ఉండాలి, పైగా అది చుక్క పడిన తర్వాత కాస్త ఆగి లేస్తుంది. చుక్క తాకిన క్షణానికే నొక్కేస్తుంటే కొంచెం ఆలస్యం చేయండి. ఆ స్తంభం నెత్తిన రెండో చుక్క పడితే గొడుగులా విచ్చుకుంటుంది. టైమర్ పరికరం లేకుండా అది చక్రం జరుపుతూ, వరసగా నొక్కుతూ ఉంటే ఎప్పుడో దొరికేదే.