నిజంగా జరిగిన జైలు కథను తెరపై చూడవలసిన తీరు

నిజ జీవితం ఆధారంగా తీసిన జైలు చిత్రాన్ని ఒక్కసారి చూసి వదిలేయకూడదని, వీలైతే రెండుసార్లు చూడాలని నా అభిప్రాయం. మొదటిసారి సినిమాగా చూడాలి, రెండవసారి జరిగిన చరిత్రను పక్కన పెట్టుకొని చూడాలి. మొదటిసారికి ముందు ఏ దేశం, ఏ కాలం, ఏ నేరారోపణ అన్నవి తెలిస్తే చాలును. మిగిలినవన్నీ ముందే చదివితే ఖైదీకి ఎదురయ్యే అనిశ్చితి ప్రేక్షకుడి అనుభవంలోకి రాదు.

చూసేటప్పుడు హింస మీద కంటే కాలం మీద దృష్టి నిలపండి, ఎందుకంటే జైలు మనిషి నుంచి మొదట లాక్కునేది కాలాన్నే. ఉత్తర ఐర్లండ్‌లోని మేజ్ జైలులో 1981లో జరిగిన నిరాహార దీక్ష మీద స్టీవ్ మెక్వీన్ తీసిన ‘హంగర్’ (2008)లో, ఆ దీక్షకు నాయకుడైన ఖైదీ బాబీ సాండ్స్ ఒక మతగురువుతో మాట్లాడే ఘట్టంలో కెమెరా సుమారు 17 నిమిషాలు కదలకుండా నిలిచి ఉంటుంది. ఆ సంభాషణను శ్రద్ధగా విన్నవారికే, తరువాత మాటల్లేకుండా కృశించిపోయే ఆ శరీరం ఏ నిర్ణయానికి కట్టుబడిందో అర్థమవుతుంది. సాండ్స్ 66వ రోజున మరణించాడు. ఆ దీక్షలో మొత్తం 10 మంది ఖైదీలు ప్రాణాలు విడిచారు. ఇటువంటి దృశ్యాలు భరించలేనివిగా తోస్తే ఆపివేయడంలో తప్పేమీ లేదు. నిర్బంధాన్ని స్వయంగా గాని, ఇంటివారి ద్వారా గాని ఎరిగినవారు, చిత్రం ముందే చూసిన వారిని అడిగి, చిత్రహింసల ఘట్టాలు ఎక్కడ వస్తాయో తెలుసుకొని కూర్చోవడం మంచిది.

ఇక అసలు పని రెండవసారి చూడడంలో ఉంది. ఒక కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకోండి: ఎవరు ఎవరితో ఉన్నారు, ఎవరు ఎవరిని చంపారు, ఎవరు ఏమన్నారు. సినిమా ఇచ్చే జవాబును ఒకవైపు, చరిత్ర ఇచ్చే జవాబును మరొకవైపు రాస్తూ పోతే, మార్పులన్నీ ఒక్క తీరువి కావని త్వరలోనే తేలుతుంది.

‘మిడ్‌నైట్ ఎక్స్‌ప్రెస్’ (1978)ను తీసుకోండి. 1970లో ఇస్తాంబుల్ విమానాశ్రయంలో సుమారు 2 కిలోల హషీష్ అనే గంజాయి మత్తుపదార్థంతో పట్టుబడిన అమెరికన్ యువకుడు బిల్లీ హేస్ కథ ఇది. చిత్రంలో అతడి చేతిలో జైలు అధికారి చనిపోతాడు, ఆపై అతడు కాపలాదారు దుస్తులు వేసుకొని బయటపడతాడు. నిజానికి హేస్ ఎవరినీ చంపలేదు. 1975లో ఇమ్రాలీ ద్వీపంలోని జైలు నుంచి చిన్న పడవలో తప్పించుకున్నాడు. న్యాయస్థానంలో అతడి నోట పెట్టిన, ఒక జాతి మొత్తాన్ని దూషించే ప్రసంగం కూడా అతడిది కాదు. చిత్రానువాదం రాసిన ఆలివర్ స్టోన్ 2004లో టర్కీకి వెళ్లి విచారం ప్రకటించాడు. ఖైదీ బాధ నిజమే అయినా, ఆ బాధను చూపడానికి ఒక ప్రజను క్రూరులుగా చిత్రించడం క్షమించరాని మార్పు అని నేను నమ్ముతాను.

‘ఇన్ ద నేమ్ ఆఫ్ ద ఫాదర్’ (1993)లో జరిగిన మార్పు వేరు. ఇంగ్లండ్‌లో 1974 నాటి గిల్డ్‌ఫర్డ్ బాంబు పేలుళ్ల కేసులో అన్యాయంగా శిక్షపడిన జెరీ కాన్లన్‌ను, దానికి ముడిపడిన మరో కేసులో అలాగే శిక్షపడిన అతడి తండ్రి జుసెప్పీని ఆ చిత్రం ఒకే గదిలో ఉంచింది. వాస్తవంలో వారు ఎన్నడూ ఒకే గదిలో లేరు. అయినా ఈ కల్పన ఎవరి మీదా లేని నేరాన్ని మోపలేదు, తండ్రీకొడుకుల మధ్య ఉన్న దూరాన్నీ ప్రేమనూ ఒకచోటికి చేర్చింది. అందువల్ల దీన్ని అంగీకరించవచ్చు.

చిత్రం ముగిశాక ఖైదీ రాసుకున్న పుస్తకం ఉంటే చదవండి. అయితే అది ఒకరి జ్ఞాపకమే గనుక, కోర్టు తీర్పులను, విచారణ నివేదికలను కూడా దాని పక్కన పెట్టుకోండి. చివరగా, తెర మీద కథ ఆగిన తేదీ దగ్గర మీరు ఆగకండి. జెరీ 1989 అక్టోబరు 19న విడుదలయ్యాడు. జుసెప్పీ 1980 జనవరిలోనే ఖైదీగా కన్నుమూశాడు, అతడి మీద ఉన్న శిక్షను కోర్టు కొట్టివేసింది మాత్రం 1991లో.