కొత్త కోచ్‌లకు తోటి కోచ్‌ల తోడు: 3వ పాఠం – ముగ్గురి సాధన

ఇక్కడ కోచింగ్ అంటే పరీక్షల ట్యూషన్ కాదు; సలహా ఇవ్వకుండా, ప్రశ్నలు అడుగుతూ ఎదుటి మనిషి (క్లయింట్) తన దారి తానే తేల్చుకునేలా తోడుండటం. సెషన్ మొదట్లోనే "ఇవాళ మనం ఏ విషయం తేల్చుకోవాలి?" అని క్లయింట్‌తో మాట ఖాయం చేసుకోవడం కిందటి పాఠంలో నేర్చుకున్నాం. ఈసారి అదే పని తోటి కోచ్‌ల ముందు చేయాలి.

ముగ్గురు కలవండి. ఒకరు కోచ్, ఒకరు క్లయింట్, ఒకరు పరిశీలకులు. 20 నిమిషాల సెషన్, తర్వాత 10 నిమిషాల చర్చ. ముగ్గురూ స్థానాలు మారేసరికి గంటన్నర పడుతుంది. హనుమకొండలో ఒకరు, కాజీపేటలో ఒకరు ఉన్నా ఆదివారం పొద్దున కలవొచ్చు. మూడో మనిషి కరీంనగర్‌లో ఉంటే వీడియో కాల్ పెట్టుకోండి. హోటల్లో మాత్రం కూర్చోవద్దు. పక్క టేబుల్ దగ్గర తెలిసినవాళ్లు ఉండనే ఉంటారు. ఇక్కడ విన్నది ఇంట్లో కూడా చెప్పకూడదని ముందే ఒప్పుకోండి.

క్లయింట్‌గా కూర్చున్నవాళ్లు నటించొద్దు. నిజంగా తమను తొలుస్తున్న విషయమే తేవాలి, అయితే 20 నిమిషాల్లో మోయగలిగినదై ఉండాలి. మాట్లాడుతుంటే లోతైన బాధ బయటపడితే సాధన ఆపేయండి. అది కోచింగ్‌తో తీరేది కాదు. మానసిక ఆరోగ్య సాయానికి టెలి మానస్ నంబర్ 14416 ముగ్గురి ఫోన్లలోనూ ఉండాలి.

అసలు విద్య పరిశీలకుల దగ్గరుంది. కాగితం మధ్యలో గీత గీయండి. కోచ్ అడిగిన ప్రశ్న ఎడమవైపు ఉన్నదున్నట్టు రాయండి. ఆ ప్రశ్నకు క్లయింట్ ఏం చేశారో కుడివైపు రాయండి. ఉదాహరణకు, ఉద్యోగం మారాలా వద్దా అని ఒకావిడ సతమతమవుతున్నారు. కోచ్ "ఒకసారి మీ మేనేజర్‌తో మాట్లాడితే అయిపోతుంది కదా?" అన్నారు. ఆమె "చూస్తానండి" అని ఊరుకున్నారు. కాసేపటికి "ఇప్పటిదాకా ఏమేం చేసి చూశారు?" అని అడిగితే ఆమె ఆగి, ఆలోచించి, తానుగా మాట్లాడటం మొదలుపెట్టారు. మొదటిది ప్రశ్న వేషం వేసుకున్న సలహా. ఆ మాట మీరు అనక్కర్లేదు, రెండు వరుసలూ చదివి వినిపిస్తే కోచ్‌కే తెలిసిపోతుంది.

చర్చలో ముందు కోచ్, తర్వాత క్లయింట్, చివర పరిశీలకులు మాట్లాడాలి. మన దగ్గర ఇక్కడే పని చెడుతుంది. ముగ్గురిలో ఒకరు రిటైరైన లెక్చరర్ అయితే మిగతా ఇద్దరూ "మంచిగ చేసిన్రు సార్" అని ముగించేస్తారు. ఆ గౌరవం మంచిదే, కానీ ఆ సార్ నేర్చుకోవడానికి వచ్చారు, ఆయనకు దక్కాల్సింది దక్కకుండా పోతుంది. అందుకే వయసులో పెద్దవాళ్లే మొదట కోచ్‌గా కూర్చొని, "కాగితంలో ఉన్నదంతా చదవండి" అని వాళ్లే అడగాలి. అప్పుడు చిన్నవాళ్లకు నోరు పెగులుతుంది. "బాగుంది", "బాగాలేదు" అనే మాటలు క్లయింట్, పరిశీలకులు ఇద్దరూ మానేయాలి.

ఈ స్నేహం క్లయింట్ల విషయంలోనూ పనికొస్తుంది. మొదట్లో వచ్చేది బావమరిదో, పక్క డెస్క్ అమ్మాయో. సొంతవాళ్లకు కోచింగ్ చేస్తే సలహా ఇవ్వకుండా ఉండటం చాలా కష్టం. మీ బావమరిదిని మీ తోటి కోచ్ దగ్గరికి పంపండి, వాళ్ల చెల్లెలు మీ దగ్గరికి వస్తుంది.

కోచ్‌లకు గుర్తింపు ఇచ్చే ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ వారి మొదటి స్థాయి ఏసీసీ (అసోసియేట్ సర్టిఫైడ్ కోచ్) గుర్తింపు కోరేవాళ్లకు శిక్షణతోపాటు 100 గంటల కోచింగ్ అనుభవం ఉండాలి, అందులో కనీసం 75 గంటలు ప్రతిఫలం తీసుకొని చేసినవి కావాలి. అర్హత ఉన్న మెంటర్ (మన కోచింగ్‌ను చూసి సరిదిద్దే అనుభవమున్న కోచ్) దగ్గర 10 గంటలు వేరే. ముగ్గురి సాధన ఆ మెంటర్ గంటలకు బదులు కాదు.

ఈ వారం ఒక్కసారి కలవండి. పరిశీలకులుగా రాసిన కాగితంలో క్లయింట్‌ను ఆగి ఆలోచింపజేసిన ప్రశ్నల కింద గీత గీసి దాచుకోండి. ఫీజు గురించి మాట్లాడే 4వ పాఠంలో వాటితోనే మొదలుపెడదాం.