రై ఫామ్‌హౌస్ బీరు రుచి చూడటం ఎలా?

ఫామ్‌హౌస్ బీర్లలో బాగా పేరున్నది సేజాన్. బెల్జియంలో ఫ్రెంచి మాట్లాడే వల్లోనియా పల్లెల్లో పుట్టింది. రైతులు చలికాలంలో కాచి దాచుకుని, ఎండాకాలంలో పొలం పనికొచ్చిన కూలీలకు పోసేవారని చెబుతారు. ఇప్పుడు అమెరికాలో చాలా చిన్న బ్రూవరీలు దీన్నే బార్లీతో పాటు కాస్త రై (గోధుమకు దగ్గరి చుట్టమైన ధాన్యం) కలిపి కాస్తున్నాయి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే మనవాళ్లకు వీకెండ్‌లో ఇది ఎదురైతే, మామూలు లాగర్ బీరులా గడ్డకట్టే చల్లదనంలో గటగటా తాగేస్తే డబ్బు దండగ.

బ్రూవరీకే వెళ్తే పెద్ద గ్లాసు చెప్పకండి. 4, 5 ఔన్సుల టేస్టర్లు ఇస్తారు. రై వేసినది ఒకటి, రై లేని సేజాన్ దొరికితే అదొకటి పక్కపక్కన పెట్టుకోండి. ఐపీఏలాంటి చేదు బీర్లు చివర్లోనే. ధాన్యంలో రై ఎంత శాతమని కౌంటర్లో అడగండి, మొహమాటం వద్దు. 10 శాతం లోపైతే తేడా పట్టుకోవడం కష్టం. 20 దాటితే నోటికి తెలుస్తుంది.

ఇంటికి సీసా తెచ్చుకుంటే ముందురోజే ఫ్రిజ్‌లో నిలువుగా పెట్టండి. చాలా సేజాన్లు సీసాలోనే రెండోసారి పులుస్తాయి కాబట్టి అడుగున ఈస్ట్ మడ్డి ఉంటుంది, గ్యాస్ కూడా ఎక్కువ. తాగే ముందు ఓ పావుగంట బయట ఉంచి, 7 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ మధ్యకు రానివ్వండి. మూత సింక్ దగ్గరే తీయండి. గ్లాసు తులిప్ ఆకారంలో ఉంటే మంచిది, లేకపోతే వైన్ గ్లాసు చాలు. సబ్బు వాసన పోయేదాకా కడిగి, గుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరనివ్వండి. మిరపకాయ బజ్జీ తిన్న పెదవులతో తాగితే నూనెకి నురగ చచ్చిపోతుంది, బజ్జీలు తర్వాత.

గ్లాసు వంచి నెమ్మదిగా పోయండి, చివర్లో నిలబెడితే నురగ కడుతుంది. సీసాలో రెండు వేళ్లంత మిగల్చండి, దాంతో పని ఉంది.

మొదటి వాసన వెంటనే చూడాలి. చిన్నచిన్నగా రెండు మూడుసార్లు పీల్చండి. వంటింట్లో పోపు, హాల్లో అగరుబత్తి ఉంటే ఇదంతా వృథా. నారింజ తొక్క, లవంగం, మిరియం తగులుతాయి. ఇక్కడే చాలామంది ‘ఇదీ రై ఘాటు’ అనేస్తారు. నన్నడిగితే ఆ ఘాటులో ఎక్కువ పాలు ఈస్ట్‌దే. రై గింజ ఒక్కటీ వేయని సేజాన్‌లోనూ అది ఉంటుంది. బెల్జియంలో టూర్ప్ అనే ఊళ్లో తయారయ్యే సేజాన్ డ్యుపాంట్ తాగి చూడండి, అందులో ఉన్నది బార్లీ మాల్టే (మొలకెత్తించి ఆరబెట్టిన గింజలు). (దాని సీసా ఆకుపచ్చది. వెలుతురు తగిలితే హాప్స్, అంటే బీరులో చేదు కోసం వేసే పూల నుంచి వెగటు వాసన పుడుతుంది, అందుకే షెల్ఫులో ముందు వరసది కాకుండా మూసిన పెట్టెలోది అడగండి.) రై బ్రెడ్ రుచిని గుర్తు తెచ్చుకుని పోల్చడమూ మోసమే, ఆ బ్రెడ్‌లో తరచూ ఘుమఘుమలాడేది షాజీరా చుట్టమైన కారవే.

మరి రైని ఎక్కడ వెతకాలి? నాలుక మీద. ఒక గుక్క తీసుకుని వెంటనే మింగకుండా నోరంతా తిప్పండి. పల్చటి గంజిలా కాస్త జారుడుగా, నిండుగా తగులుతుంది. రైలో ఉండే జిగురు పదార్థాలు, ముఖ్యంగా అరబినోక్సైలాన్లు, చేసే పని అది. ఈ జిగురుతోనే బ్రూవర్లకు తలనొప్పి: రైకి పొట్టు ఉండదు, మాల్ట్ ముద్ద జిగటగా బిగుసుకుని రసం దిగదు. అలా బిగుసుకోకుండా వడ్ల ఊక కలుపుతారు! ఇప్పుడు మింగండి. నోట్లో అంత నిండుగా ఉన్నది గొంతు దిగేసరికి తీపి మిగల్చకుండా పొడిగా తేలిపోవాలి. ఈ రెండూ కుదిరితే మంచి రై సేజాన్. చివర్లో తీపి అంటుకుంటే నేనైతే రెండోది చెప్పను.

పశువుల కొట్టం వాసన, కొంచెం పులుపు వస్తే కంగారు పడకండి. బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్ కావాలనే వేసి ఉండొచ్చు. వెన్న రాసిన పాప్‌కార్న్ వాసనో, తడిసిన అట్టపెట్టె వాసనో వస్తే మాత్రం అది లోపమే.

సగం అయ్యాక పది నిమిషాలు ఆగండి. చల్లదనం తగ్గేకొద్దీ రొట్టె వాసన పైకొస్తుంది. అప్పుడు సీసాలో మిగిల్చింది తిప్పి, మడ్డితో సహా పోసి చూడండి: మసకగా, ఇంకాస్త చిక్కగా ఉంటుంది. కొందరికి ఇదే ఇష్టం.

పక్కన మేక పాల చీజ్, వేయించిన చేప, పెసరట్టు బాగుంటాయి. ఆవకాయ వద్దు, గ్యాస్ తగిలి కారం రెట్టింపవుతుంది. రైలో గ్లూటెన్ ఉంటుంది, పడనివాళ్లు ముట్టకూడదు. సేజాన్‌లో ఆల్కహాల్ సాధారణంగా 5 నుంచి 7 శాతం దాకా ఉంటుంది, కింగ్‌ఫిషర్ ప్రీమియం 4.8. ఆ లెక్కన తాగండి, కారు తాళాలు ఇంకొకరికి ఇచ్చేయండి.