సీసా మూతలతో చేసిన పలకల్లో లోపాలు: కారణాలు, సవరణలు

నీళ్ల సీసాలను పాత సామాన్లవాళ్లు తీసుకున్నా, విడి మూతలు తూకానికి రావని పక్కన పడేస్తారు. చెత్తను వేరుచేసే యంత్రాల్లోనూ అంత చిన్నవి జల్లెడ కంతల్లోంచి జారిపోతాయి. వాటిని కరిగించి అచ్చులో నొక్కితే సబ్బు పళ్లెం, కుండీ కింద పలక, కొక్కేల పట్టీ వంటివి తయారవుతాయి. వంటకు ఇక వాడని ఓటీజీ (బల్లమీద పెట్టుకునే చిన్న కరెంటు ఒవెన్), రెండు అల్యూమినియం పలకలు, టెఫ్లాన్ షీట్లు, సీ క్లాంపులు (మర తిప్పి బిగించే ‘C’ ఆకారపు పట్టకాలు), వెల్డింగ్ చేసేవారు వాడే తోలు చేతిగ్లౌజులు, గాలి ధారాళంగా ఆడే వరండా ఉన్నాయనుకొని ఈ వివరాలు రాస్తున్నాను. పలక చెడితే అందరూ ముందుగా వేడినే అనుమానిస్తారు గానీ, లోపం చాలావరకు ఒవెన్ వెలిగించక ముందే, మూతలను ఏరేటప్పుడే మొదలవుతుంది.

పలక పొరలుగా ఊడుతోంది, వంచితే చిట్లుతోంది

రెండు జాతుల ప్లాస్టిక్ కలిసిపోవడమే దీనికి ప్రధాన కారణం. నీళ్ల సీసాల మూతలు ఎక్కువగా హెచ్‌డీపీఈ (అధిక సాంద్రత గల పాలిథిన్)తోనూ, షాంపూ, సాస్ సీసాలకు ఉండే మడతబందు మూతలు దాదాపు ఎప్పుడూ పాలీప్రొపిలీన్‌తోనూ చేస్తారు. మొదటిది సుమారు 130 డిగ్రీల సెల్సియస్ దగ్గర, రెండవది 160 దాటాక కరుగుతాయి. రెండూ కరిగినా ఒకదానిలో ఒకటి ఇమడవు కనుక, చల్లారాక ఆ రెంటి నడుమ సరిహద్దు మిగిలి, పలక అక్కడే విడిపోతుంది. నీళ్లలో వేసి చూడటం ఇక్కడ అక్కరకు రాదు, ఎందుకంటే రెండూ తేలతాయి. మూత లోపలి త్రికోణంలో 2 అని ఉంటే హెచ్‌డీపీఈ, 5 అని ఉంటే పాలీప్రొపిలీన్. అంకె లేని మూతల నుంచి ఒక్కో రకానికి ఒక్కో ముక్క కోసి, టెఫ్లాన్ షీటుపై వరుసగా పేర్చి, 145 నుంచి 150 డిగ్రీల మధ్య కాసేపు ఉంచండి. హెచ్‌డీపీఈ ముక్క అంచులు గుండ్రబడి, మెరుస్తూ చతికిలబడుతుంది. తెల్లదైతే మైనంలా పాలిపోయి కాస్త పారదర్శకమవుతుంది. పాలీప్రొపిలీన్ ముక్క మాత్రం కోసిన అంచుతో సహా అలాగే నిలబడి ఉంటుంది. ఓటీజీ మీద ఉండే అంకెలను నమ్మవద్దు. లోపల విడిగా థర్మామీటరు పెట్టుకోకపోతే ఈ పరీక్షకు విలువ లేదు. ఇప్పటికే విడిపోయిన పలకను మళ్లీ కరిగించినా అతకదు.

ఘాటైన పొగ, కళ్ల మంట

హెచ్‌డీపీఈని 180 నుంచి 200 డిగ్రీల మధ్య కరిగిస్తే మైనం వంటి కొద్దిపాటి వాసనే రావాలి. ఘాటుగా కళ్లు మండితే పీవీసీ చేరిందని అనుమానించాలి. అది వేడికి విడిపోయి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును విడుదల చేస్తుంది. వెంటనే కరెంటు ఆపి బయటకు వెళ్లండి, పూర్తిగా చల్లారే వరకు ఒవెన్ తలుపు తెరవకండి. పీవీసీ, పెట్ (నీళ్ల సీసాను చేసే ప్లాస్టిక్) నీటిలో మునుగుతాయి కనుక, సబ్బునీటితో కడిగేటప్పుడే అడుగుకు చేరిన ముక్కలను తీసేయాలి. అయితే మూత లోపల అతికించిన మెత్తటి వాషరు మూతతో పాటే తేలుతుంది. అదేమిటో తెలియదు గనుక గోటితోనో స్క్రూడ్రైవరుతోనో ఊడదీసి పక్కన పెట్టడమే మేలు.

లోపల బుడగలు, చిల్లులు

ఈ ప్లాస్టిక్ నీటిని పీల్చుకోదు, కానీ మూత మరల సందుల్లో చుక్కలు దాగి, వేడికి ఆవిరై బుడగలు కడతాయి. మూతలను ముక్కలు చేశాక ఎండలో ఆరబెట్టండి. ముక్కల మధ్య చిక్కిన గాలి పోవాలంటే, ముద్ద మెత్తబడ్డాక బయటకు తీసి, షీటుతో పాటు రెండు మూడు సార్లు మడిచి మళ్లీ లోపల పెట్టాలి. కరిగిన ప్లాస్టిక్ చర్మానికి అంటుకుంటే ఊడిరాదు, కాబట్టి ఆ పని తోలు గ్లౌజులతోనే చేయాలి.

పలక వంకర పోతోంది, నడుమ గుంట పడుతోంది

హెచ్‌డీపీఈ చల్లారేటప్పుడు రెండు మూడు శాతం కుంచించుకుపోతుంది. అంచులు ముందు గట్టిపడి, మధ్యభాగం తరువాత కుంచించుకుంటూ వాటిని లోపలికి లాగడం వల్ల వంకర వస్తుంది. తొందరపడి నీళ్లలో ముంచితే అది మరింత పెరుగుతుంది. లోహపు పలకల మధ్యే ఉంచి, చల్లారుతున్న కొద్దీ క్లాంపులను బిగిస్తూ, చేతికి వేడి తెలియకుండా పోయే వరకు ఆగండి. సెంటీమీటరు మందానికి గంట దాటినా ఆశ్చర్యం లేదు.

అచ్చు మూలలు నిండలేదు

సరుకు చాలలేదు. మూతలను లెక్కపెట్టకుండా తూచండి: పొడవు, వెడల్పు, మందాలను సెంటీమీటర్లలో హెచ్చించి 0.95తో గుణిస్తే గ్రాములు వస్తాయి, దానిపై ఐదు శాతం కలపండి. పది సెంటీమీటర్ల చదరానికి, ఒక సెంటీమీటరు మందానికి వంద గ్రాములు సరిపోతాయి.

రంగులు బురదలా కలిసిపోయాయి

ఎక్కువ సార్లు మడిచారు, లేదా ఎదురు రంగులు వేశారు. రెండు రంగులకు కొంచెం తెలుపు చాలు.

జిగురు పట్టడం లేదు

హెచ్‌డీపీఈ మీద ఇళ్లలో వాడే జిగుళ్లు ఏవీ నిలవవు. రంధ్రం చేసి స్క్రూలు బిగించండి, రాలిన తురుమును కాలువలోకి పోనీయకుండా ఊడ్చి, తరువాతి అచ్చులో వేయండి.

వాడకంలో మచ్చ పడటం, పెళుసుబారడం

పొయ్యి మీంచి దించిన గిన్నె పెడితే పలక మెత్తబడి అడుగు ముద్ర పడుతుంది. ఆ పనికి ఇది తగదు. మూతల్లోని రంగులు, పాత వాసనలు ఏమిటో తెలియదు కనుక అన్నం, కూర తగిలే పాత్రలకూ తగదు. ఎండలో నెలల తరబడి ఉంచితే పైభాగం సుద్దలా తెల్లబడి పగుళ్లు వస్తాయి, కాబట్టి కుండీ పలకలను నీడపట్టున వాడండి, పగుళ్లు కనిపించినవాటిని ముక్కలు రాలకముందే తీసేయండి.